నల్లమద్ది పడే జాగా

మద్దిగుంపు
5 మార్చి 1987

నారాయణా,

నిన్న, బుధవారం పొద్దు పొడిచే వేళకు, మా గూడెం (ఇక్కడ గుంపు అంటారు) నడుమ ఉన్న నల్లమద్ది కొనలోంచి పొగ రావడం మొదలైంది. ఇది రాస్తున్నప్పుడు కూడా వస్తోంది. మంట కనబడదు. ఎప్పుడో పిడుగు పడి మాను మొదలు దగ్గర ఏర్పడిన తొర్రలోకి నిప్పు పోయింది. మాను లోపలంతా డొల్ల. నువ్వు పాల్వంచలో రోజూ చూసే పొగగొట్టం లాగే ఉంది, కాకపోతే దీనికి ఆకులున్నాయి.

ఎలా జరిగిందో చెప్తాను. ఇప్పపువ్వు రాలే ముందు ఇక్కడ ప్రతి ఇంటివాళ్లూ తమ ఇప్పచెట్టు కింద ఎండాకు ఊడ్చి కాలుస్తారు. నేల అద్దంలా ఉంటేనే తెల్లారగట్ల రాలిన పువ్వు చేతికి దొరుకుతుంది. మంగళవారం పక్కింటి జంపక్క తన చెట్టు కింద ఆకు కాల్చింది. నీళ్లు చల్లి ఆర్పింది కూడా. ఆర్పడం నేను చూశాను. ఎండిన వేరు వెంట నిప్పు పాకి మద్ది తొర్రలోకి చేరినట్టుంది.

జంపక్క నిన్నటి నుంచి తిండి ముట్టలేదు. గుంపు పెద్ద దూలయ్య వచ్చి, "ఏటేటా అందరం కాలుస్తనే ఉన్నం. ఈ ఏడు నీ వంతొచ్చింది, గంతే. లేచి అంబలి తాగు" అన్నాడు. "నా చేతులిరగ, ఇంకో కుండ నీళ్లు పోస్తే ఏం పోయేది" అంటూ ఆమె అక్కడే కూర్చుంది.

మాను తూర్పుకు ఒరిగి ఉంది. లోపల ఎంత కాలిందో తెలియదు. నువ్వు పెద్ద యంత్రాలను తాళ్లతో ఎత్తి దింపే మనిషివి. దీనికేం చేయాలో వెంటనే రాయి. పదకొండేళ్లుగా నేనిక్కడ నర్సుగా ఉంటే ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఈసారైనా రా.

నిర్మల అక్క


పాల్వంచ
7 మార్చి

అక్కయ్యా,

ఆకులున్న పొగగొట్టం అని మా షెడ్డులో చదివి వినిపిస్తే అందరూ నవ్వారు. ఉక్కుతాడు లాగే వించ్ లారీ నడిపే రూప్లా నవ్వలేదు. వాళ్ల తండా దగ్గర ఒక చెట్టు ఇలాగే లోపల్లోపల కాలిందట. గాలివానలకు నిలబడి, ఆకు కదలని ఒక మధ్యాహ్నం పడిందట. "ఎప్పుడు పడతదో దానికే ఎరుక సార్, జల్దీ పోదాం" అంటున్నాడు.

ముందు నిప్పు సంగతి. పొయ్యికి గాలి కింద నుంచి అందుతుంది. తొర్ర నోరు తడిమట్టితో మెత్తండి. మానుకున్న పగుళ్లు కూడా మెత్తండి. లోపల నీళ్లు పోయకండి, కాలుతున్న మానుకు నీళ్లు తగిలితే చీలుతుంది. కింద గాలి అందకపోతే పైన పొగ ఆగుతుంది. ఆగిందంటే నిప్పు చస్తున్నట్టు.

రెండోది. చుట్టూ ఏమేమున్నాయో నాలుగు దిక్కులూ రాయి. అటవీ శాఖ వాళ్ల అనుమతి నువ్వు చూసుకో. అది వస్తే లారీని మాను మొదలు దాకా తెస్తాను. మధ్యలో ఒకటి రెండు చెట్లు అడ్డమొస్తే కొట్టేస్తే సరిపోతుంది.

నారాయణ


మద్దిగుంపు
11 మార్చి

నారాయణా,

మెత్తాం. మూడో నాటికి పొగ ఆగింది. కొన నుంచి నీలిరంగు గీత సన్నబడి, తెగిపోయి, మళ్లీ రాలేదు. గుంపు మొత్తం తలెత్తి చూస్తూ నిలబడింది.

మట్టి ఎక్కడిదని నువ్వు అడగలేదు, నేనే చెప్తాను. ఇక్కడ భూమి పండుగ అయ్యేదాకా నేలలో గడ్డపార దించరు. విత్తనానికి ముందు భూమి నిద్రలో ఉంటుందట. కూలిపోయిన పశువుల కొట్టం గోడలు నానబెట్టి వాడాం. "అది ఎన్నడో తవ్విన మట్టి, దానికి తప్పు లేదు" అని దూలయ్య తేల్చాడు.

ఇక నీ "ఒకటి రెండు చెట్లు" సంగతి. అవి ఇప్పచెట్లు. ప్రతి చెట్టుకూ ఒక ఇల్లుంది. పువ్వు ఎండబెట్టి దాచుకుంటే వానాకాలం గింజలు అయిపోయిన రోజుల్లో అదే తిండి. జంపక్కకు పొలం లేదు. మగమనిషి లేడు. ఉన్నది ఆ ఒక్క ఇప్ప, దాని కింద నేల. ఆమె తర్వాత అది కూతురు భీమక్కది. లారీ మాట చెబితే దూలయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "ఇప్ప కింద ఎడ్లబండినే తోలం నర్సమ్మా. గిట్ట పడ్డకాడ నేల రాయైతది, వేరుకు ఊపిరాడదు, పువ్వు తగ్గుతది. మీ తమ్మునికి గింత గూడ తెల్వదా?" అన్నాడు. తెలియదని ఒప్పుకున్నాను.

నాలుగు దిక్కులు: తూర్పున, అంటే ఒరిగిన వైపు, జంపక్క ఇప్ప. దాని వెనక మరికొన్ని. ఉత్తరాన చెలమ. ఎండాకాలం గుంపంతటికీ నీళ్లు అక్కడివే. పడమర బండల వాలు, అటు పడితే మాను దొర్లుకుంటూ వచ్చి ఎవరిని పట్టుకుంటుందో చెప్పలేం. దక్షిణాన బండ్లబాట దాకా కాపాడుకోవలసింది ఏమీ లేదు. అటు వెయ్యి.

అక్క


పాల్వంచ
14 మార్చి

అక్కయ్యా,

దూలయ్యకు నా తరఫున చెప్పు, ఇప్పుడు తెలిసిందని. లారీ బండ్లబాట దిగదు. అక్కడి నుంచే ఉక్కుతాడు సాగదీస్తాం. తూర్పుకు ఒరగకుండా పడమటి బండలకు ఇంకో తాడు కట్టి పట్టుకుంటాం. ఇప్పచెట్లకు తాడు చుట్టం, బెరడు కోసుకుపోతుంది.

మిగిలింది ఒక్కటే. అంత మాను గట్టినేల మీద పడితే దెబ్బ లోతుకు దిగుతుంది. పైన నేల చెదరకపోయినా కింద వేళ్లు నలుగుతాయి. చెలమ ఊట దారి మార్చుకోవచ్చు. కాబట్టి పడే చోట మెత్తటి పరుపు వేయాలి. అడుగున మోకాలెత్తు గుల్లమట్టి, మీద వెదురు మోపులు, ఆ పైన పచ్చి కొమ్మలు, గడ్డి. యంత్రాలను దింపేటప్పుడు మేమూ ఇదే చేస్తాం. తవ్వకూడదంటే అంత మట్టి ఎక్కడిది? కొట్టం గోడల మట్టి అయిపోయిందిగా. ఆలోచించి పెట్టు.

మా కంట్రాక్టరు లారీని, రూప్లాను వారం రోజులకు ఇచ్చాడు. ఇరవయ్యో తేదీకి వస్తున్నాం.

నారాయణ


భద్రాచలం, ఆసుపత్రి
19 మార్చి

నారాయణా,

నువ్వు వచ్చేసరికి నేనుండను. జంపక్క కూతురు భీమక్కకు తొమ్మిదో నెల. కాళ్లు వాచాయి, బీపీ దిగడం లేదు. నిన్న బస్సులో తీసుకొచ్చి చేర్పించాను. కాన్పు అయ్యేదాకా కదలలేను. నవమికి ముందే ఊరు నిండిపోయింది, ఆసుపత్రి వరండాలో చాప వేసుకునే చోటు కోసం కూడా పోటీ.

రేంజి ఆఫీసరు వచ్చి చూసి, అపాయంలో ఉన్న చెట్టు కిందే లెక్క అని కొట్టడానికి అనుమతి ఇచ్చాడు. కలప మాత్రం అటవీ శాఖ డిపోకు పోవాలి. కోసే మనుషులు గుంపులోనే ఉన్నారు, డిపో కోసం చెట్లు కొట్టే కూపుల్లో పనిచేసినవాళ్లే. మట్టి ఎక్కడుందో దూలయ్యకు చెప్పి వచ్చాను. ఆయన చూపిస్తాడు.

భీమక్క కళ్లు తెరిచినప్పుడల్లా అడిగేది ఒకటే: "పువ్వు మొదలైందా?" మద్ది ఎటు పడుతుందన్న సంగతి నేనింకా ఎత్తలేదు.

అక్క


మద్దిగుంపు
21 మార్చి

అక్కయ్యా,

నువ్వు ఏమీ లేదని రాసిన దక్షిణ దిక్కున నీ ఇల్లుంది.

రెండు గదులు, వెదురు తడికె గోడలకు మందంగా మెత్తిన మట్టి, కుమ్మరి పెంకు, ముందు బాలింతలు కూర్చునే అరుగు. నీ చేతిరాతతో తలుపు మీద టీకాల రోజులు. మట్టి చూపించమంటే దూలయ్య నీ గోడ మీద చెయ్యి వేశాడు. "ఇదే. నర్సమ్మ చెప్పి పోయింది" అన్నాడు. మందుల పెట్టె, మంచం, పుస్తకాలు జంపక్క వసారాలో ఉన్నాయి. అంటే నాకు ఉత్తరం రాసేనాటికే నిర్ణయించుకున్నావు.

నేను ఈ పని చేయను. ఈ భూమి మీద నీదంటూ ఉన్నది ఈ రెండు గదులే. మన ఊరు బోనకల్‌లో వాటా కూడా నాకే వదిలేసి వచ్చావు. నీ ఇంటి మీద చెట్టు పడేయడానికి నేను పాల్వంచ నుంచి తాళ్లు మోసుకు రాలేదు.

ఇంకో సంగతి. రాత్రి వంట దగ్గర జంపక్క నా ఎదుట వచ్చి నిలబడింది. "అయ్యా, అది ఒరిగింది నా దిక్కే. నా చెట్టు మీదికే పోనియ్యి. నిప్పు పెట్టింది నేను. నర్సమ్మ ఇల్లెందుకు పోవాలె?" అంది. దూలయ్య ఆమెను కసిరాడు. "నోరు ముయ్యి. నీ మనుమడు పువ్వు అడిగితే బొగ్గు పెడతవా?"

నీకు రాయని మాట నా దగ్గరా ఒకటుంది. యంత్రాలు దింపాను గాని, నిలబడ్డ చెట్టును పడగొట్టడం నాకు ఇదే మొదలు. ఇక్కడికొచ్చి మాను కింద నిలబడ్డాకే దాని ఎత్తు తెలిసింది. తల ఎంత వెనక్కి వంచినా కొన అందలేదు, టోపీ పడిపోయింది. ఒరిగిన వైపే పోనిస్తే నాకు తేలిక. పక్కకు తిప్పడమే కష్టం.

ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. అతని చేతే జవాబు రాయి.

నారాయణ


భద్రాచలం
22 మార్చి

నారాయణా,

ముందే రాస్తే నువ్వు రావని రాయలేదు. కోపం తర్వాత పడు.

ఆ ఇల్లు ఒక వేసవిలో లేచింది. కట్టినవాళ్లే ఇంకా ఉన్నారు, అడవిలో వెదురుంది. జంపక్క ఇప్ప ఎవరు నాటారో గుంపులో ఎవరికీ తెలియదు. ఇంకోటి నాటితే అది పువ్వు ఇచ్చేసరికి భీమక్క కడుపులో ఉన్న బిడ్డకు బిడ్డలుంటారు.

నాకు ఆ ఇంటి మీద మమకారం లేదని కాదు. మంగళవారం సామాను మోసేటప్పుడు ఖాళీ గదిలో కాసేపు నిలబడ్డాను. అంతే.

నీకు చేతనవునో కాదో నువ్వు చెప్పు. కాదంటే రూప్లాను తీసుకొని వెళ్లిపో, తప్పుపట్టను. కానీ తేలిక అని తూర్పుకు వేయకు. భీమక్కకు నేను సమాధానం చెప్పుకోలేను. ఆమెకు బీపీ ఇంకా తగ్గలేదు.

అక్క


మద్దిగుంపు
25 మార్చి

అక్కయ్యా,

ఈ రోజు, పొద్దున పువ్వు ఏరడం అయిపోయాక, మద్ది పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెలమ ఉంది. జంపక్క ఇప్ప ఉంది, ఒక కొమ్మ పోయింది. నీ ఇల్లు లేదు. మిగతాది నిదానంగా చదువు.

సోమవారం నీ ఉత్తరం అందగానే, చేద్దామని తేల్చుకొని, దూలయ్యకు చదివి వినిపించాను. ఆయన అప్పటికే నీ ఇంటికి నిచ్చెన వేసి ఉన్నాడు. "ఇల్లంటే ఏంది సారు, విప్పుకొని పోయేదే. మా తాత గుంపు మూడు జాగాలు మారింది, ఇంటి గుంజలు గూడ భుజాల మీదనే మారినయ్. చెట్టునైతే విప్పలేం గద" అన్నాడు. పెంకులు చేతి నుంచి చేతికి దించారు. వాసాలు, ద్వారబంధం జంపక్క ఇంటి వెనక పేర్చారు. "కట్టేటప్పుడు మీ అక్క గోడ వంకరుంది, కిటికీ చిన్నగుంది అని మమ్ముల గోస పెట్టింది. విప్పేటప్పుడన్న లేదు, పానం సుఖం" అని ఆడవాళ్లు నవ్వుతూనే గోడలు కూల్చారు. అరుగు కొట్టేటప్పుడు మాత్రం నవ్వలేదు.

గోడల మట్టిని చిదిపి గుల్ల చేసి పరిచాం. నేను అడిగిన మోకాలెత్తు కంటే ఎక్కువే వచ్చింది. దాని మీద వెదురు మోపులు, ఆ పైన కొమ్మలు, నీ కప్పు కింద పరిచిన గడ్డి. నేలలో గడ్డపార దిగలేదు. జంపక్క ఇప్ప వైపు అంచుకు ఆమే గడ్డి సర్దింది. చివరి మోపు తానే తెచ్చి వేసి, వెనక్కి తిరగకుండా చెలమ గట్టుకు పోయి కూర్చుంది.

కోత దూలయ్య మనుషులది, తాళ్లు మావి. దక్షిణాన గాటు పెట్టడానికి ముందు సుత్తితో మాను చుట్టూ కొట్టి విన్నాను. తూర్పు సగం డప్పులా మోగింది. పడమటి సగం మోగలేదు, నిండుగా ఉంది. రంపం లోపలికి దిగాక తూర్పు వైపు నుంచి బొగ్గుపొడి రాలింది. పడమటి వైపు బొడిపె దగ్గరికి పళ్లు చేరగానే నీళ్లు చిమ్మాయి. ఊట కాదు, ధార. కోస్తున్నవాడి ఛాతీకి తగిలింది. నేను వెనక్కి గెంతాను. దూలయ్య దోసిలి పట్టి తాగాడు. "భయపడకు. నల్లమద్ది నీళ్లు దాస్తది" అని నాకూ పట్టి ఇచ్చాడు. చల్లగా, కాస్త వగరుగా ఉన్నాయి. ఒక పక్క బొగ్గయిన మాను, ఇంకో పక్క నీళ్లు దాచుకొని ఆకు వేస్తోంది. నేను ఇన్నేళ్లూ ఇనుము దగ్గర పనిచేశాను. ఇనుము ఇలా చేయదు.

ధార ఆగేదాకా కోత ఆపాం. ఎవరూ చెప్పలేదు, అందరూ ఆగారు.

తర్వాత రూప్లా తాడు బిగించాడు. అతను లారీ దగ్గరి నుంచి నన్నే చూస్తున్నాడు, నేను పడమటి తాడును చూస్తున్నాను. వెనక, అంటే ఉత్తరాన, కోత సగం దాటాక మాను ఒక్కసారి తూర్పుకు వంగింది. పడమటి తాడు సన్నగా పాడింది. "లాగు" అన్నాను. చేయి ఊపాను. రూప్లా లాగాడు. కొన ఆకాశంలో మెల్లగా దిక్కు మార్చుకుంది. అంత మాను ఒక మాట విన్నట్టు తిరిగింది.

పడిన చప్పుడు నేననుకున్నంత పెద్దది కాదు. బస్తా దింపినట్టు మెత్తగా వచ్చింది. ఆ తర్వాత కాళ్ల కింద నేల ఒకసారి లేచి దిగింది. నీ గోడల దుమ్ము ఎర్రగా లేచి ఎండను కమ్మేసింది. కొనకొమ్మ ఒకటి ఎగిరి జంపక్క ఇప్పకు తగిలింది, విరిగిన కొమ్మ అదే.

దుమ్ములో ఏదో టపటపా రాలుతున్న చప్పుడు. పెంకులు అనుకొని తల మీద చేయి పెట్టుకున్నాను. పెంకులు ఎప్పుడో దించేశాం గదా. దుమ్ము దిగాక చూస్తే ఇప్పపువ్వు. ఒక్క చెట్టు కింద కాదు, గుంపులో ఉన్న ప్రతి ఇప్ప కిందా. మరునాటికి రాలాల్సింది ఆ అదురుకు రాలిపోయింది. పట్టపగలు పువ్వు రాలడం దూలయ్య కూడా చూడలేదట. ఊడ్చిన నేల మీద ఎక్కడ చూసినా పసుపుతెలుపు. వాసన మత్తుగా వచ్చింది. ముసలాళ్లు, ఆడవాళ్లు, రూప్లా, నేను, అందరం ఉన్నచోటే నిలబడిపోయాం. అడుగు వేస్తే పువ్వు తొక్కుతాం.

ముందు కదిలింది జంపక్క. చెలమ గట్టు నుంచి లేచి తన చెట్టు కిందికి పోయింది. విరిగిన చోటు చూసింది. మోకాళ్ల మీద కూర్చొని అరచేయి నేలకు ఆనించి కాసేపు ఉంచింది. తర్వాత నా వైపు చూసి, "గట్లనే నిలబడ్డవేంది అయ్యా? గంప అందుకో" అంది.

చెలమ కలక అయింది. మేం అన్నం తినేవేళకు తేటపడింది. ఊట తగ్గలేదని దూలయ్య కడవ ముంచి చూశాడు.

భీమక్కకు చెప్పు, పువ్వు మొదలైందని.

నారాయణ


మద్దిగుంపు
24 ఏప్రిల్

నారాయణా,

నువ్వు పాల్వంచ చేరాక రాద్దామనుకుంటూనే ఇన్ని రోజులైంది. నీ ఉత్తరం అందిన మర్నాడు భీమక్కకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. వాళ్లను తీసుకొని ఏప్రిల్ మొదట్లోనే వచ్చాను.

బండ్లబాట మీద బస్సు దిగి తలెత్తితే ముందు కనబడింది ఆకాశం. పదకొండేళ్లు చూసిన చోట అంత వెలుతురు ఉంటుందని నాకు తెలియదు. మాను నా ఇల్లున్న మేర అటు నుంచి ఇటు పడుకొని ఉంది. దాని ఇవతలి వైపు నిలబడితే అవతలి వైపు మనిషి కనబడడు. నా వంటపొయ్యి ఉన్న చోటు ఏదో గుర్తుపట్టడానికి చాలాసేపు తిరిగాను. దొరకలేదు. బాధపడతానేమో అనుకున్నాను గాని, దాని పక్కన నడుస్తున్నంతసేపూ నాకు తెలియకుండానే గొంతు తగ్గించి మాట్లాడాను.

జంపక్క వసారాలో ఉంటున్నాను. టీకాలు అక్కడే వేస్తున్నాను. మాను కింద దాకా చేయి దూర్చి చూసింది జంపక్క. మట్టి అణిగింది గాని నేల బిగియలేదంటోంది. ఆమె చెట్టు ఈ ఏడు బాగానే ఇచ్చింది. వచ్చే ఏడు ఎలా ఇస్తుందో వచ్చే ఏడు తెలుస్తుంది.

మొన్న డిపో మనుషులు లారీతో వచ్చారు. దాన్ని మాను పక్కకు తెచ్చి, మానును గొలుసుతో ఈడ్చుకుపోతామన్నారు. "ఈడిస్తే ఒక్క పూటలో అయిపోతది, మీకెందుకమ్మా?" అన్నాడు మేస్త్రీ. జంపక్క మనుమరాలిని చంకలో పెట్టుకొని లారీ ముందర నిలబడింది. "ఒక్క పూట నీకు. మాకు ఎన్నేండ్లో నువ్వు చెప్పు" అంది. ఆమె వెనక దూలయ్య, ఆయన వెనక మిగతావాళ్లు. నేనూ. మేస్త్రీ తిట్టుకుంటూ వెళ్లి రేంజి ఆఫీసరును తీసుకొచ్చాడు. ఆయన దిగి నేలంతా నడిచి చూశాడు. నీ పరుపు దగ్గర వంగి మట్టి చిదిమాడు. ఈడ్వవద్దని చెప్పి వెళ్లాడు.

పువ్వు నిన్నటితో అయిపోయింది. ఎల్లుండి ఆదివారం మాను నుంచి బాట దాకా వెదురు పరుస్తారు. సోమవారం పొద్దున పడుకున్నచోటే కోత మొదలవుతుంది. ఒక్కో దుంగను మోకులకు వేలాడదీసి భుజాల మీద మోస్తారు. దుంగలెత్తడానికి రూప్లా రెండు కప్పీలు పంపుతానని దూలయ్యతో అన్నాడట; ఈ ఉత్తరం కండక్టరు చేతే పంపుతున్నాను, రేపు శనివారం బస్సుకు వేయమను. డిపో లారీ సోమవారం మధ్యాహ్నానికి వస్తుంది. బండ్లబాట మీదే ఆగుతుంది.

అక్క